నీట మునిగిన ఊరికి నూటికి నూరు

వినాయకుళ్లు నీళ్లలో మునిగాక, బతుకమ్మలు ఇంకా నీళ్లలోకి దిగకముందు, ఆ మధ్య రోజుల్లో ప్రాజెక్టులోని వాలుగ చేపలకు ఆకలి మొదలవుతుంది.

వానాకాలమంతా ఎర్రనీళ్లు, గేట్ల హోరు. వాలుగ ఆ గోల పడక అలిగిన అల్లుడిలా లోతుల్లో పడుకుంటుంది. వరద తగ్గి, గేట్లు మూసి, నీళ్లు తేటపడి, పొద్దున పూట కాస్త చలి పుట్టిందంటే చాలు, మీసాలు దువ్వుకుంటూ పైకొస్తుంది. అయితే ఎక్కడ పడితే అక్కడికి రాదు. చిన్న చేపలు దాక్కునే గోడలు, మొండి కప్పులు, రాళ్ల సందులు ఉన్నచోటికే వస్తుంది. ఆ ప్రాజెక్టు ఒడ్డున అలాంటి చోటు ఒక్కటే ఉంది. అది పాత ముత్తెగాం.

ముత్తెగాం మునిగి నలభై ఏళ్లు. జనాన్ని గుట్ట మీదికి తోలి, దానికి కొత్త ముత్తెగాం అని పేరు పెట్టారు. అప్పుడు లింబాద్రి నిక్కరేసుకున్న పిల్లగాడు. ఇప్పుడతను యాభై దాటిన గంగపుత్రుడు. నీళ్ల కింద ఏ గోడ ఎక్కడుందో, ఏ సందు ఎటు తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. మిగతా నెలల్లో బొచ్చెలు, రవ్వులు పట్టి బతికేవాడు. కానీ అతను బతికేది మాత్రం ఈ వాలుగల కాలం కోసమే. ఇనుప తీగ కట్టిన గాలానికి కోడిపేగు గుచ్చి, తాను పుట్టిన ఇంటి మీదే పడవ నిలిపి కూర్చుంటే, ఆ తాడు చేతిలో జివ్వుమన్న క్షణం అతనికి దసరా, దీపావళి రెండూ ఒకేసారి వచ్చినట్టుండేది.

ఆ ఏడు వాలుగలకంటే ముందు ఎంపీడీవో వచ్చాడు.

ఎంపీడీవో రఘోత్తమరావు మంచివాడే. కాకపోతే భయస్తుడు. జిల్లాకు కొత్తగా వచ్చిన కలెక్టరు గారు ‘సర్వసంపూర్ణ గ్రామం’ అనే కార్యక్రమం ఎత్తుకున్నారు. జిల్లాలో ప్రతి ఊరూ తాగునీరు, వీధి దీపాలు, మొక్కలు, పారిశుద్ధ్యం అన్నింట్లోనూ నూటికి నూరు సాధించాలి. తొంభై తొమ్మిది వచ్చిన ఊరి కార్యదర్శిని నిలబెట్టి అడిగేవారు. రఘోత్తమరావు మండలంలో అన్ని ఊళ్లకూ ఎలాగోలా నూరు వచ్చింది. ఒక్క ఊరికి మాత్రం సున్నా. కంప్యూటర్లో ఆ ఊరు ఎర్రగా మెరుస్తోంది. అది పాత ముత్తెగాం.

ఊరు మునిగిన సంగతి ప్రాజెక్టు వాళ్లకు తెలుసు, బస్సు వాళ్లకు తెలుసు, చేపలకు తెలుసు. పంచాయతీ శాఖకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని అక్కడ ఆ ఊరు నలభై ఏళ్లుగా నిక్షేపంగా ఉంది.

"ఆ గ్రామం ఎందుకింత వెనకబడింది?" అని వీడియో సమావేశంలో కలెక్టరు గారు అడిగారు.

రఘోత్తమరావు నీళ్లు నమిలాడు. అంతకు ముందు వారమే ‘కొన్ని ఇబ్బందులున్నాయి సర్’ అన్న పాపానికి పక్క మండలం ఎంపీడీవో అడవుల్లోకి బదిలీ అయ్యాడు.

"సర్, అది కొంచెం లోతట్టు ప్రాంతం సర్."

"సాకులు వద్దు. క్షేత్రస్థాయిలో పరిశీలించి, సంతృప్త స్థాయికి తీసుకురండి."

అలా ఒక రోజు పొద్దున్నే రఘోత్తమరావు నారింజరంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, పంచాయతీ కార్యదర్శి అన్వేష్‌ను వెంటబెట్టుకుని లింబాద్రి పడవెక్కాడు.

"ఊరి పొలిమేర ఎప్పుడొస్తుందయ్యా?" అని అడిగాడు కొంతసేపటికి.

"అచ్చింది సారూ. ఇప్పుడు మనం పోచమ్మ గుడి మీదున్నం."

రఘోత్తమరావు గబగబా బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. అన్వేష్ చెప్పులు విడిచి దండం పెట్టాడు. పడవ ఇంకాస్త ముందుకు పోయింది.

"సరే. పాయింటు వారీగా పోదాం. ఇంటింటికీ తాగునీరు అందుతున్నదా?"

లింబాద్రి తెడ్డు ఆపి ఆయన ముఖం చూశాడు. సారు పరాచికాలాడుతున్నట్టు లేదు.

"అందుతున్నయి సారూ. ఇండ్ల నిండ నీళ్లే."

"ఎన్ని గంటలు?"

"రాత్రింబవళ్లు. బందే కావు."

"అన్వేష్, రాయి. తాగునీరు నూటికి నూరు. రోడ్ల మీద దుమ్ము?"

"దుమ్మేడిది సారూ!"

"చెత్త? బెల్టు షాపులు? వీధి కుక్కలు? భూ తగాదాలు?"

ఒక్కటీ లేదన్నాడు లింబాద్రి. ప్రతి జవాబుకూ రఘోత్తమరావు ముఖం వెలుగుతూ వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత బుద్ధిగల ఊరిని ఆయన చూడలేదు. బహిరంగ మలవిసర్జన లేదు. దొంగతనాలు లేవు. పంచాయతీ పన్ను కట్టనని మొండికేసినవాడు లేడు. వర్గాలు లేవు. ఆఖరికి బాల్య వివాహం కూడా లేదు.

"ఇంత ఆదర్శ గ్రామాన్ని ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదంటే మన వ్యవస్థను ఏమనాలి?" అని ఆయన నీళ్లలోకి చూస్తూ బాధపడ్డాడు.

ఆ సాయంత్రమే వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించారు. అది తీసుకోలేదు. ఇంటికి ఇంత, మనిషికి ఇంత అని లెక్క కట్టాలంటే జనాభా కావాలంది. జనాభా సున్నా అని కొడితే సున్నాతో భాగించడం తన వల్ల కాదని మొరాయించింది. ఈ వ్యవహారం మొత్తంలో మొదటి నుంచి చివరి దాకా మర్యాదగా నడుచుకున్నది ఆ కంప్యూటర్ ఒక్కటే.

మర్నాడు రఘోత్తమరావు మళ్లీ గుట్ట మీదికి వచ్చాడు.

"లింబాద్రీ, నీ స్వగ్రామం పాత ముత్తెగామే కదా?"

"అవ్ సారూ. గాడనే పుట్టిన."

"అక్కడ నీకు ఇల్లుంది కదా?"

"ఉన్నది. తలుపులే లెవ్వు."

"తలుపులు ఐచ్ఛికం. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటావు కదా? అయితే పరిపాలనా దృక్పథంతో చూస్తే నువ్వు ఆ గ్రామ నివాసివి."

లింబాద్రికి ఇందులో తప్పేమీ కనబడలేదు. ఎవరైనా నీది ఏ ఊరని అడిగితే అతను చెప్పేది ఆ పేరే. సరే అన్నాడు. ఆడవాళ్లు లేకపోతే మహిళా సంక్షేమం పద్దు సున్నా చూపిస్తుందని లింబాద్రి భార్య గంగామణిని కూడా చేర్చారు. ఆ ఊరి సర్పంచ్ పదవి ఆ విడత మహిళలకు కేటాయించారు. ఊళ్లో ఉన్న మహిళ గంగామణి ఒక్కతే. పోటీ లేదు, ఏకగ్రీవం. ఏకగ్రీవానికి ప్రోత్సాహకంగా ఒక కుర్చీ, ఒక గుండ్రటి ముద్ర ఇంటికి పంపారు.

"గిదేందయ్యా," అంది గంగామణి ముద్రను అటూ ఇటూ తిప్పి చూసి, "నేను ఆ ఊరు మొకం సుత ఎన్నడు సూడలే. నన్ను జేసుకునేటాలకే అది నీళ్లల్ల వాయె. గా ఊరికి నేను సర్పంచునా?"

"సూడని ఊరికి సర్పంచులు మస్తు మంది ఉన్నరు. కూసో కుర్చీల," అన్నాడు లింబాద్రి.

ఆమె కూర్చుంది. కుర్చీ బాగానే ఉంది. అందరూ సర్పంచుల మొగుళ్లు పెత్తనం చేస్తారంటారు గానీ, లింబాద్రి ఇంట్లో అప్పటికీ ఇప్పటికీ పెత్తనం గంగామణిదే.

ఇక అభివృద్ధి మొదలైంది. ‘ముత్తెగాం గ్రామ పంచాయతీ మీకు స్వాగతం పలుకుతోంది’ అన్న బోర్డు డ్రమ్ముల మీద తేలింది. వెయ్యి మామిడి మొక్కలను ఇనుప కంచెలతో సహా రాళ్లు కట్టి ముంచారు. తరువాత జరిగిన సమీక్షలో ఒక్క మొక్క కూడా నీళ్లు లేక ఎండిపోలేదని తేలింది. చెత్త ట్రాక్టరు వచ్చింది. దాన్ని ఒడ్డున నిలబెట్టి, ముఖం ఊరివైపు తిప్పి పెట్టారు. ఊరి సందులన్నిట్లో, అంటే సందుల పైన, డ్రమ్ముల మీద గొట్టాలు నిలిపి సోలార్ దీపాలు బిగించారు.

ఆ దీపాలే కొంప ముంచాయి.

పొద్దు వాలగానే అవి వెలిగేవి. వెలుగుకు పురుగులు మూగేవి. పురుగుల కోసం పరకలు, చిట్టి చేపలు గుంపులు గుంపులుగా వచ్చేవి. వాటి కోసం వాలుగలు వచ్చాయి. ఇన్నేళ్లలో లింబాద్రి అన్ని వాలుగలను చూడలేదు. మనిషి మొలెత్తు వాలుగ ఒకటి పోచమ్మ గుడి దగ్గరి దీపం కింద ఎగిరి పడితే, దాని తెల్లటి పొట్ట తళుక్కుమంది. లింబాద్రి ఇంటికి పరిగెత్తి గాలాలన్నీ తీసి సాన పట్టాడు. మర్నాడు పొద్దున ఒడ్డున పడవ తాడు విప్పుతుంటే మత్స్యశాఖ అధికారి దివాకరం ఎదురొచ్చాడు.

"ఎక్కడికి?"

"ముత్తెగాంకు సారూ. వాలుగలకు."

దివాకరం విచారంగా తల ఊపాడు. "నీ లైసెన్సు జలాశయంలో వేటకు. ముత్తెగాం జలాశయం కాదు. పంచాయతీ శాఖ ధ్రువీకరణ ప్రకారం అది వీధులు, ఇళ్లు, దీపాలు కలిగిన నివాస గ్రామం. జనావాసంలో వేట నిషిద్ధం."

"జనం యాడున్నరు సారూ?"

"ఇద్దరు."

"ఆ ఇద్దరం మేమే గదా!"

"వీధిలో గాలం విసిరితే ఎవరికైనా గుచ్చుకోవచ్చు. నీకే గుచ్చుకోవచ్చు. నీ ప్రాణానికి నువ్వు విలువ ఇవ్వకపోయినా శాఖ ఇస్తుంది."

"మరి గా నీళ్లు?"

"మా దగ్గరున్న పటంలో ఆ ఊళ్లో నీళ్లు లేవు. రెండు పంటలకు యోగ్యమైన నల్లరేగడి ఉంది. నువ్వు మెట్ట భూమిలో చేపలు పడుతున్నానంటే, అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. దానికి వేరే కేసు."

లింబాద్రి విప్పిన తాడు మళ్లీ కట్టేశాడు. నడి ప్రాజెక్టులో వేట చేసుకోవచ్చునట. కానీ ఈ కాలంలో అక్కడ నీళ్లు తప్ప ఏమీ ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. ప్రాజెక్టు నిండా వాలుగలు, చేతినిండా గాలాలు, మధ్యలో తన ఊరే అడ్డం.

నాలుగు రోజులు అతను పడవలో ఖాళీ చేతులతో కూర్చుని వచ్చాడు. వాలుగలు పడవ పక్కనుంచి పోతూ తోకతో నీళ్లు కొట్టేవి. వాటికి కూడా ఉత్తర్వు సంగతి తెలిసినట్టుంది. అతను అన్నం సరిగా తినడం మానేశాడు. దీపావళి దాటితే చలి ముదురుతుంది, వాలుగ మళ్లీ లోతుకు పోతుంది. ఆ కాలం జారిపోతే మళ్లీ ఏడాదికే. యాభై దాటిన మనిషికి ఏడాదంటే తక్కువేమీ కాదు.

"నువ్వు సర్పంచువు గదనే. నాకో పర్మిషన్ రాసియ్యరాదు?" అన్నాడు ఒకనాడు.

గంగామణి వెంటనే రాయించి ముద్ర గుద్దింది. రఘోత్తమరావు అది చదివి ఉలిక్కిపడ్డాడు.

"సర్పంచ్ తన భర్తకు తానే అనుమతి ఇస్తే దాన్ని బంధుప్రీతి అంటారమ్మా. మీది అవినీతి రహిత గ్రామం. ఆ పద్దులో కూడా నూటికి నూరు ఉంది. దయచేసి పాడు చేయకండి."

"ఇంకో ఆయనకు ఎవరికన్న ఇయ్యొచ్చా మరి?"

"ఇవ్వవచ్చు. కానీ గ్రామస్థుడై ఉండాలి."

గంగామణి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించింది. మొగుడు గోడకు ఆనుకుని గాలాల పెట్టె వైపు చూస్తున్నాడు. ముద్ద దిగని మనిషిని చూస్తూ తాను తినడం ఆమె వల్ల కాలేదు. ఈ గొడవంతా అక్కడ నీళ్లు లేవనుకోవడం వల్లనే కదా, ఉన్నాయని తెలిస్తే తీరిపోతుంది కదా అనిపించింది. తెల్లారి ముద్ర కొంగున కట్టుకుని మండల ఆఫీసుకు నడిచింది.

"సారూ, మా ఊర్లకు నీళ్లచ్చినయి," అంది.

రఘోత్తమరావు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏ ఊళ్లోకి?"

"ముత్తెగాంలకు. ఇండ్లు, గుళ్లు, బడి, అంత మునిగింది. సర్పంచుగ చెప్తున్న. రాసుకోండ్రి."

"ఎప్పుడు వచ్చాయి?"

"నలభై ఏండ్లాయె."

"సమాచారం ఇవ్వడంలో ఇంత జాప్యమా!" అని ఆయన తల పట్టుకున్నాడు. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ గ్రామంగా ముత్తెగాం పేరు పైకి పోయి ఉంది. పరిశీలన బృందం దసరా తరువాత వస్తుంది. సరిగ్గా ఇప్పుడు మునగాలా ఈ ఊరు! కానీ సర్పంచ్ ముద్రతో వచ్చిన వరద సమాచారాన్ని తొక్కిపెడితే ఉద్యోగం పోతుంది. వెంటనే కలెక్టరు గారికి ఫోన్ చేశాడు.

కలెక్టరు గారు మాత్రం మెరుపులా కదిలారు. అంతకంటే వేగంగా కదిలే అధికారి మనకు దొరకడు. గంటలో సహాయక బృందం వచ్చి, పడవలో కూర్చున్న లింబాద్రిని రెండు చంకల్లో చేతులేసి ఎత్తి, ఇంకో పడవలోకి మార్చింది. రెండు పులిహోర పొట్లాలు, ఒక దుప్పటి ఇచ్చి ఒడ్డున దింపింది. ‘ముంపు గ్రామంలో నూరు శాతం ప్రజల తరలింపు’ అని సాయంత్రానికి వార్త వచ్చింది. జనాభాలో మిగతా సగం అప్పటికే మండల ఆఫీసులో ఉంది కాబట్టి అది నిజమే.

ఆ తరువాత అత్యవసర సమావేశం జరిగింది. గంగామణిని బాధిత గ్రామ సర్పంచ్‌గా ముందు వరుసలో కూర్చోబెట్టారు.

"ఒక ఆదర్శ గ్రామం కళ్ల ముందే మునుగుతుంటే యంత్రాంగం చూస్తూ ఊరుకోవడమా?" అన్నారు కలెక్టరు గారు. "ఆ నీళ్లు ఎక్కడివి?"

ప్రాజెక్టు ఇంజనీరు లేచాడు. "సర్, అవి ప్రాజెక్టు నీళ్లు సర్."

"ఊళ్లోకి ఎందుకు రానిచ్చారు?"

"ప్రాజెక్టంటే నీళ్లు నిలబడటమే కదా సర్..."

"ప్రాజెక్టు ముఖ్యమా, ప్రజలు ముఖ్యమా?"

ఈ ప్రశ్నకు సర్వీసులో ఉన్న ఏ ఇంజనీరైనా ఒకటే జవాబు చెప్పాలి. అతను చెప్పాడు.

"అయితే గేట్లు ఎత్తండి. ముత్తెగాంలో చివరి ఇంటి గడప పొడిగా కనబడేదాకా దించవద్దు."

"సారూ, అద్దు సారూ! నీళ్లున్నయని చెప్పనీకి అచ్చిన గని, తీసెయ్యమని కాదు," అని గంగామణి లేచి నిలబడింది.

"కంగారు పడకండమ్మా. మీ కష్టం మాకు అర్థమైంది," అని కలెక్టరు గారు చేతులు జోడించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

గేట్లు లేచాయి. రబీకి నీళ్లు వదలండని ఏళ్ల తరబడి ధర్నాలు చేసిన కింది జిల్లా రైతులకు, ధర్నా మానుకున్న ఏడు కాలువ నిండా నీళ్లు వచ్చాయి. వాళ్లు మొదట నమ్మలేదు. తరువాత ఎందుకైనా మంచిదని కలెక్టరు గారి ఫొటోకు పాలాభిషేకం చేశారు.

లింబాద్రి ఒడ్డున కూర్చుని తన నీళ్లు పోవడం చూశాడు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. నీళ్లు ఒక్కో బెత్తె దిగుతుంటే వాలుగలు నడి ప్రాజెక్టు వైపు జారుకోవడం అతనికి కనబడుతూనే ఉంది. గంగామణి పక్కనే కూర్చుని ఏడ్చింది.

"నా నోరు పడిపోను. నేనే గదా చెప్పింది."

"ఊకో. నువ్వు నా మంచికే చెప్పినవ్," అన్నాడతను. అంత బాధలోనూ తనకోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి మీద అతనికి ప్రేమే కలిగింది గాని కోపం రాలేదు.

మూడో నాటికి ముత్తెగాం బయటపడింది. మొండి గోడలు, బురద పట్టిన సందులు, తల లేని బడి, కంచెల్లో నిలబడ్డ వెయ్యి మామిడి పుల్లలు. దీపాల డ్రమ్ములు బురదలో పక్కకు ఒరిగి ఉన్నాయి. లింబాద్రి పంచె ఎగ్గట్టి దిగాడు. వెనక గంగామణి. పోచమ్మ గుడి దాటి, ఎడమకు తిరిగి, మూడు గోడల ముందు అతను ఆగిపోయాడు.

"గిదేనే మా ఇల్లు."

రాతి గడప అలాగే ఉంది. దాని మీది బురదను అతను చేత్తో తుడిచాడు. వాళ్లమ్మ పసుపు రాసిన చోటు. గంగామణి గడప బయటే నిలబడిపోయింది.

"రావేందే?"

"ముప్పయ్యేండ్ల సంది గీ ఇంటి కోడలినంటున్నరు గని, ఇంట్లకు ఇయ్యాల్నే అడుగు వెడుతున్న," అని కొంగు తల మీదికి లాక్కుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది. లింబాద్రి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పుకున్నా కన్నీళ్లు ఆగలేదు.

ఒక్కో అర్ర చూపిస్తూ వంటింటికి తీసుకుపోయాడు. ఒక మూలన వాళ్లమ్మ నీళ్లు నింపుకునే రాతి గోలెం సగం బురదలో కూరుకుని ఉంది. అందులో ఇంకా నీళ్లున్నాయి. గంగామణి వంగి చూసి కెవ్వుమంది. గోలెంలోంచి రెండు పొడుగాటి మీసాలు, వాటి వెనక పలక లాంటి తల పైకొచ్చాయి. నీళ్లతో పాటు పోలేక, ఒళ్లు చుట్టుకుని, గోలెం నిండా ఒకటే వాలుగ ఉంది.

లింబాద్రి బతుకులో అంత పెద్ద వాలుగను పట్టలేదు. గాలం లేకుండా, పడవ లేకుండా, ఒట్టి చేతులతో దవడ కింద పట్టి ఎత్తాడు. అది ఒక్కసారి విదిలిస్తే ఇద్దరూ బురదలో పడ్డారు. పడి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు వినే రఘోత్తమరావు, దివాకరం, అన్వేష్ బురదలో ఈడ్చుకుంటూ అక్కడికి చేరారు.

"వేట!" అని అరిచాడు దివాకరం. "నివాస గ్రామంలో, అధికారుల సమక్షంలో వేట!"

లింబాద్రి వాలుగను గుండెకు హత్తుకున్నాడు. వదిలేది లేదన్నట్టు గంగామణి ముందుకొచ్చి అడ్డం నిలబడింది.

"సారూ, గిది ఎవలి ఇల్లు?"

"మీదే," అన్నాడు రఘోత్తమరావు. కాదనడానికి లేదు. వాళ్లను నివాసులని రాసింది ఆయనే.

"గోలెం ఎవలిది?"

"మీదే."

"నా ఇంట్ల, నా గోలెంల ఉన్నదాన్ని నేను తీసుకుంటే, దాన్ని మీ ఆఫీసుల ఏమంటరు?"

దివాకరం జేబులోంచి చిన్న నిబంధనల పుస్తకం తీసి కాసేపు తిరగేశాడు. వేట అంటే బయటి జలాల్లోంచి పట్టడం. ఇంట్లోంచి తీసుకోవడం గురించి అందులో ఏమీ లేదు.

"గృహాంతర్భాగంలో లభించినది గృహ వస్తువు అవుతుంది," అన్నాడు చివరికి. "గృహ వస్తువులు మా శాఖ పరిధిలోకి రావు. యజమాని తన ఇంట్లోంచి దేన్ని తీసుకున్నా, ఎలా తీసుకున్నా, వేట అనరాదు."

"ఎట్ల తీసుకున్న?"

"ఎలా తీసుకున్నా."

"జర అదే కాయితం మీద వెట్టుండ్రి సారూ," అంది గంగామణి కొంగున ముడి విప్పుతూ. దివాకరం రాశాడు. ఆమె ముద్ర గుద్దింది.

ఆ మధ్యాహ్నం మూడు రాళ్ల పొయ్యి మీద వాలుగ పులుసు ఉడికింది. ఒడ్డు మీది నుంచి చింతపండు, కారం, జొన్నరొట్టెలు తెప్పించారు. నలభై ఏళ్లకు ఆ ఇంట్లో పొగ లేచింది. అధికారులు బురద గోడకు ఆనుకుని తిన్నారు. తలకాయ ముక్క రఘోత్తమరావుకు వేశారు. సర్వీసులో ఏ తనిఖీలోనూ ఇంత రుచి చూడలేదని ఆయన మనస్ఫూర్తిగా అన్నాడు.

అప్పుడు అన్వేష్ ఫోన్ చూసి ముద్ద మింగడం మరిచిపోయాడు.

"సర్, ముత్తెగాం స్కోరు పడిపోతున్నది సర్."

"ఎందుకు?"

"ఇంటింటికీ తాగునీరు సున్నా. ఒక్క ఇంట్లో చుక్క లేదు. మామిడి మొక్కలు వెయ్యికి వెయ్యి ఎండినయి. రోడ్లన్నీ బురద. దీపాలు వెలుగుతలేవు. గోడల మీద చూడండి సర్, వీధి కుక్కలు కూడా వచ్చినయి."

నిజమే. పులుసు వాసనకు కొత్త ముత్తెగాం కుక్కలన్నీ పాత ముత్తెగాంకు వచ్చాయి. రఘోత్తమరావు ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. అంతలో కలెక్టరు గారి ఫోన్ రానే వచ్చింది.

"ఏం జరుగుతోంది అక్కడ? నిన్నటిదాకా జిల్లాకే తలమానికం. ఈ రోజు ఒక్క ఇంటికి నీళ్లు లేవంటే సిగ్గుచేటు కాదా?"

"సర్, అది... నీళ్లు తీసేశాం కదా సర్."

"కారణాలు నాకొద్దు. దసరా తరువాత బృందం వస్తోంది. ఈలోగా ముత్తెగాంలో ప్రతి ఇంటికీ నీళ్లు చేరాలి. ఎంత నీరు కావాలన్నా వాడుకోండి."

ఆ రాత్రే గేట్లు మూశారు. పైనుంచి ఇంకా వస్తున్న ప్రవాహం మొత్తం ముత్తెగాం వైపు నిలబడింది. మొదట సందుల్లోకి, తరువాత వాకిళ్లలోకి, ఆ పైన గడపలు దాటి ఇళ్లలోకి నీళ్లు చేరాయి. ఏ ఇంటినీ వదిలిపెట్టలేదు, ఎవరి పట్లా పక్షపాతం చూపలేదు. దసరా తరువాత వచ్చిన బృందం ఒడ్డున నిలబడి, దుర్భిణీలో చూసి, ఇంత ప్రశాంతమైన గ్రామాన్ని తామెక్కడా చూడలేదని రాసింది. అవార్డు అందుకోవడానికి రఘోత్తమరావు రాజధానికి వెళ్లాడు.

అదే రోజు పొద్దున లింబాద్రి పడవ ముత్తెగాంలోకి వచ్చింది. నీళ్లు తేటగా ఉన్నాయి, చలి సన్నగా కరుస్తోంది. దివాకరం ఒడ్డున నిలబడి చూశాడు గాని కదల్లేదు. ఎవరి ఇంట్లోంచి వాళ్లు తీసుకుంటుంటే మధ్యలో తానెవరు?

ఈసారి పడవలో గంగామణి కూడా ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ వేటకు రాలేదు. లింబాద్రి కోడిపేగు గుచ్చి, తాడు చుట్ట విప్పి, ఎక్కడ వేద్దామా అని నీళ్లలోకి చూస్తున్నాడు.

"ఇంకింత ముందుకు వోనియ్యి," అంది గంగామణి. "గది వాకిలి. వంటింట్లెయ్యి."

అతను వంటింట్లో వేశాడు.

తాడు జివ్వుమంది.